చవక ఎలక్ట్రిక్ కార్లు వస్తే దెబ్బ ఎవరికి? నల్లగొండ స్పేర్ పార్ట్స్ దుకాణం నుంచి నా జవాబు

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఏడెనిమిది లక్షల్లో ఎలక్ట్రిక్ కార్లు దొరుకుతుంటే కార్ల పరిశ్రమ, దాని మీద బతికే మెకానిక్‌లు ఏమవుతారన్నది ఒకటి. మన నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో అలాంటి కారు కొనొచ్చా అన్నది రెండోది. నాకు నల్లగొండలో కార్ల స్పేర్ పార్ట్స్ దుకాణం ఉంది, మా నాన్న పెట్టింది. మా ఇంట్లో టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీ కూడా ఉంది. మా ఆవిడ టీచర్, మునుగోడు వైపు బడికి రోజూ అందులోనే వెళ్లొస్తుంది. అందుకని రెండు వైపుల సంగతీ చెప్పగలను.

ముందు దుకాణం సంగతి. స్పేర్ పార్ట్స్ అంటే ఖరీదైన సామాను మీదే లాభం అనుకుంటారు చాలామంది. మా గల్లా నడిచేది చిన్నవాటితోనే. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు. వాటి తర్వాత క్లచ్ సెట్టు, టైమింగ్ కిట్టు, సెల్ఫ్ మోటార్ సామాను. ఈ వరుసలో ఒక్కటి కూడా ఎలక్ట్రిక్ కారుకు అక్కర్లేదు. మా సొంత కారుకు నా దుకాణం నుంచి ఇప్పటిదాకా తీసుకెళ్లినవి వైపర్ బ్లేడ్లు, ఏసీ ఫిల్టర్. అంతే. టైర్లు, బూష్‌లు, లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్లు, పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ, కూలెంట్ దీనికీ కావాలి. మన మండలాల రోడ్ల మీద బూష్‌ల వ్యాపారానికి ఢోకా లేదు. బ్రేక్ ప్యాడ్లు మాత్రం చాలా నెమ్మదిగా అరుగుతాయి. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేస్తూ ఆ శక్తిని మళ్లీ బ్యాటరీకి పంపుతుంది.

మా కంటే ముందు దెబ్బ తినేవాళ్లు ఇంకొందరున్నారు. ఇంజన్ బోరింగ్ చేసే లాత్ వాళ్లు, డీజిల్ పంపు, నాజిల్ పని తప్ప ఇంకోటి చేయని వాళ్లు, సైలెన్సర్ వెల్డింగ్ వాళ్లు. ఒక్క పనిలో ముప్పై ఏళ్లు చేయి తిరిగినవాళ్లు వీళ్లు. ఇంజన్ చప్పుడు వినే ఏ నాజిల్ పోయిందో చెప్పేస్తారు. ఆ విద్యకు కొత్త బండిలో చోటు లేదు, నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది అదే. టింకరింగ్, పెయింటింగ్, వీల్ అలైన్‌మెంట్ వాళ్ల పని మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

అయితే ఇది రేపే వచ్చిపడేది కాదు. 2024లో దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో ఎలక్ట్రిక్‌వి నూటికి రెండు మూడే. ఇవాళ అమ్మిన పెట్రోల్ బండి ఇంకో పదిహేనేళ్లు తిరుగుతుంది, చేతులు మారుతూ చివరికి మనలాంటి ఊళ్లకే వస్తుంది. యాభై దాటిన మెకానిక్‌కు ఈ మార్పు వల్ల పెద్దగా నష్టం ఉండదు. ఇప్పుడు షెడ్డులో పానాలు అందిస్తూ పని నేర్చుకుంటున్న పదిహేడేళ్ల పిల్లవాడి గురించే ఆలోచించాలి.

ఇక పెద్ద పరిశ్రమ. ఎలక్ట్రిక్ కారు చవక కావడానికి అసలు కారణం బ్యాటరీ ధర. మన దేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు, బెంగళూరులో 2001లోనే రేవా వచ్చింది. అది లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడిచేది. అప్పటికి కారు ఉంది గానీ దానికి తగ్గ బ్యాటరీ లేదు. లిథియం అయాన్ బ్యాటరీ 2010లో ఒక కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్ కరెంటు పట్టే సామర్థ్యానికి) వెయ్యి డాలర్ల పైనే ఉండేది, 2024కి సగటున 115 డాలర్లకు దిగింది. మా కారులో ఉన్నది 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. 2010 ధరతో లెక్కేస్తే ఆ బ్యాటరీ ఒక్కటే ఇప్పుడు మొత్తం కారుకు పెట్టిన డబ్బుకంటే ఎక్కువ అయ్యేది.

దీన్నిబట్టి పరిశ్రమలో పెత్తనం ఎటు పోతోందో తెలుస్తుంది. వందేళ్లు ఇంజన్ బాగా చేసినవాడిదే పైచేయి, ఇప్పుడు బ్యాటరీ చవకగా చేసేవాడిది. చైనా కంపెనీ బీవైడీ 1995లో బ్యాటరీలతో మొదలై 2003లో కార్లలోకి వచ్చింది. 2022 మార్చిలో కేవలం పెట్రోల్‌తో నడిచే కార్ల తయారీనే ఆపేసింది. 2023లో సీగల్ అనే చిన్న కారును అక్కడ 73,800 యువాన్లకు పెట్టింది, అప్పటి మన డబ్బుల్లో తొమ్మిది లక్షల లోపే. అటు జర్మనీలో గేర్‌బాక్సులకు పేరుమోసిన జడ్‌ఎఫ్ 2028 నాటికి 14,000 వరకు ఉద్యోగాలు తగ్గిస్తానని 2024లో ప్రకటించింది. ఫోక్స్‌వ్యాగన్ 2030 నాటికి 35,000 పైచిలుకు ఉద్యోగాలు తగ్గించేలా యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. కారణం ఎలక్ట్రిక్ ఒక్కటే కాదు, కానీ అందులో దాని వాటా పెద్దది. కార్ల కంపెనీ ఎలాగో మోడల్ మార్చుకుంటుంది. పిస్టన్లు, వాల్వులు, ఇంజెక్టర్లు మాత్రమే చేసే సప్లయర్ ఏం మార్చుకోవాలి? మన దేశంలో కూడా ముందు ఇబ్బంది పడేది పుణె, చెన్నై, రాజ్‌కోట్ చుట్టుపక్కల ఉన్న అలాంటి చిన్న యూనిట్లే.

కొత్త పని ఎక్కడ పుడుతుంది అంటే, ఒక జవాబు మన పాలమూరులోనే ఉంది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, ఏటా 16 గిగావాట్ అవర్ల సెల్స్, వాటిని కలిపి చేసే 5 గిగావాట్ అవర్ల బ్యాటరీ ప్యాక్‌లు లక్ష్యంగా చెప్పారు. ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల కిలోవాట్ అవర్లు. మా కారు సైజు బ్యాటరీతో లెక్కేస్తే 16 గిగావాట్ అవర్లంటే ఆరు లక్షల పైచిలుకు కార్లకు సరిపడే సెల్స్. బతుకుదెరువు కోసం తరాలుగా బొంబాయికి, పుణెకు వలస పోయిన జిల్లా అది. అక్కడి పిల్లలకు ఆ ప్లాంటులో గేటు దగ్గర కాపలా పని కాకుండా మెషిన్ల మీద పని దొరకాలని నాకు గట్టిగా ఉంది. ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, అందులో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ కోర్సు ఉంది. పదో తరగతి అయిన పిల్లలు ఇంట్లో ఉంటే వెళ్లి కనుక్కోండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. మా వీధిలో ఒకాయన ఎలక్ట్రిక్ కారు, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఒక సెన్సర్ లోపంతో ఆగిపోయింది. మా దగ్గరికి సామానుకొచ్చే ఒక మెకానిక్ భాయ్, చాలా తెలివైన మనిషి, వెళ్లి చూశాడు. "బానెట్ ఎత్తితే నేను చేయి పెట్టగలిగేది ఏదీ కనపడలేదన్నా" అన్నాడు. లోపమేంటో చదవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, అది బయట దొరకదు. కారును ట్రక్కు మీద ఎక్కించి హైదరాబాద్ పంపారు, వారాల తరబడి అక్కడే ఉంది. ఆ మెకానిక్‌కు చేతకాక కాదు, అతనికి ఆ తాళం ఇవ్వరు కాబట్టి.

ఈ గొడవ పాతదే. పెట్రోల్ కార్ల విషయంలోనే స్పేర్లు, రిపేరు సమాచారం బయటి గ్యారేజీలకు ఇవ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని దెబ్బతీసే కంపెనీల మీద చర్య తీసుకునే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును మనకు నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు మీద కేంద్రం 2022లో కమిటీ వేసింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ కారులో సగం రిపేరు సాఫ్ట్‌వేరే కాబట్టి ఇప్పుడు ఈ హక్కు ఇంకా ఎక్కువ అవసరం. హై వోల్టేజ్ బ్యాటరీని శిక్షణ లేనివాడు ముట్టుకోకూడదు, అది ప్రాణాల మీదికొస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. దానికి పరిష్కారం శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వడం. జిల్లాకొక్క వర్క్‌షాప్ పెట్టి మిగతా అందరినీ బయట నిలబెట్టడం కాదు. తక్కువ ధరకు కారు అమ్మి రిపేరు మొత్తం తన గుప్పిట్లో పెట్టుకుంటే, వారంటీ అయిపోయాక ఆ చవకతనం కొన్నవాడికి మిగలదు.

రెండో ప్రశ్నకు వస్తాను. కొనొచ్చు. ఇంట్లో పార్కింగ్, అక్కడ ప్లగ్ పాయింట్ ఉంటేనే కొనండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ బయటి చార్జర్ల మీద ఆధారపడి మన ఊళ్లలో నడపడం టెన్షన్. ఒక్క చార్జింగ్‌తో ఇన్ని కిలోమీటర్లు అని కంపెనీ చెప్పే రేంజ్‌ని నమ్మకండి. మా కారుకు మొదట్లో 315 అని చెప్పారు, ఏసీతో మాకు వచ్చేది 180 నుంచి 200. నల్లగొండ మే నెల ఎండలో ఏసీ లేకుండా కారు నడపలేం కాబట్టి ఆ లెక్కే అసలు లెక్క. రోజూ అరవై డెబ్బై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇది బంగారంలా సరిపోతుంది. హైదరాబాద్ వెళ్లి అదే రోజు రావాలంటే దారిలో చార్జింగ్ ఆగేలా ప్లాన్ చేసుకోవాలి.

కరెంటు బిల్లు గురించి షోరూంలో సగమే చెప్తారు. మన దగ్గర యూనిట్లు పెరిగే కొద్దీ రేటు మారుతుంది. నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 724 రూపాయలు. కారు నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే ఇంకో 220 యూనిట్లు తాగుతుంది. మొత్తం 400 అయితే చార్జీ 2,690. అంటే కారు తాగిన యూనిట్ ఒక్కోటి దాదాపు తొమ్మిది రూపాయలు పడింది, నెలకు రెండు వేలు. అదే దూరానికి పెట్రోల్ బండికి తొమ్మిది వేల పైనే అవుతుంది, కాబట్టి మిగులు మిగులే. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే మాత్రం జాగ్రత్త. 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న కొన్ని ఇళ్లలో కూడా ఈ లెక్క తప్పుతోంది.

ఇంకో పని, బండి ఇంటికి రాకముందే చేయాల్సింది. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. ఎర్తింగ్ లేకపోతే చార్జర్ ఎర్రలైటు చూపించి ఆగిపోతుంది. పదిహేను ఆంపియర్ల సాకెట్‌కు మీటర్ నుంచి విడిగా మంచి వైరు లాగించండి, అవసరమైతే విద్యుత్ ఆఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో రాత్రంతా చార్జింగ్ పెట్టొద్దు.

ధర విషయానికొస్తే, ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి ఐదు శాతమే. కానీ 2025 సెప్టెంబర్‌లో చిన్న పెట్రోల్ కార్ల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గించడంతో అవీ చవకయ్యాయి. నెలకు ఐదారు వందల కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి పెట్రోల్ చిన్న కారే మేలు, నేను దుకాణదారుగా ఈ మాట అనడం లేదు. బ్యాటరీని అద్దెకిచ్చి కిలోమీటరుకు ఇంత అని తీసుకునే పథకాలు కూడా వచ్చాయి. వాటిలో కారు ధర తక్కువగా కనిపిస్తుంది, కిలోమీటరు చార్జీకి కరెంటు ఖర్చు కూడా కలిపి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2024 నవంబర్ జీవో ప్రకారం 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. కొనాలని తేలితే ఆ తేదీ లోపు రిజిస్ట్రేషన్ అయ్యేలా చూసుకోండి. షోరూంలో అడగాల్సినవి కూడా చెప్తాను: బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు (మా దానికి 8 ఏళ్లు లేదా 1,60,000), సామర్థ్యం ఎంతకు పడిపోతే మారుస్తారు, బ్యాటరీ రిపేరు నల్లగొండలోనే చేస్తారా లేక హైదరాబాద్ పంపాలా. ఈ మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించి తీసుకోండి.