సంబంధం వచ్చింది, అబ్బాయి కంపెనీ విమానానికి పైలట్: ఇంటిపట్టున ఉంటాడా?

మీ చెల్లెలికి వచ్చిన సంబంధం గురించి అడిగారు. అబ్బాయి బేగంపేటలో ఒక కంపెనీ విమానం నడుపుతాడు, ఇంటిపట్టున ఉంటాడా, నలుగురిలో కలుస్తాడా అని. పదిహేనేళ్లుగా నేను చేస్తున్నదీ ఆ పనే కాబట్టి మా ఇంటి సంగతే చెప్తాను.

ఉంటాడు. మీరనుకునేదానికంటే ఎక్కువే ఉంటాడు. పైలట్ ఎవరైనా ఏడాదికి 1000 గంటలు మించి ఎగరకూడదు. ఎయిర్‌లైన్స్ వాళ్లు అందులో పెద్ద భాగమే వాడేస్తారు. నేను మాత్రం ఏ ఏడూ సగం కూడా ఎగరలేదు. నెలలో సగం రోజులు ఇంట్లోనే, కాకపోతే అది ఏ సగమో నాకే తెలీదు. రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో వస్తుంది, "రేపు ఏడింటికి, ముగ్గురు, రాజమండ్రి" అని. మా ఉద్యోగంలో ఖాళీకి కరువు లేదు, మాట ఇవ్వడానికే వీల్లేదు. "వస్తాను" అని మా ఆవిడతో అని చాలా ఏళ్లయింది. "చూద్దాం" అంటాను. మీ చెల్లెలు ఆ "చూద్దాం"తో కాపురం చేయగలదా అన్నదే అసలు ప్రశ్న.

సినిమాల్లో పైలట్‌ని మర్చిపోండి. మాది కింగ్ ఎయిర్ బి200, రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. ఎయిర్ హోస్టెస్ ఉండదు. వాతావరణం చూసుకోవడం, ఫ్లైట్ ప్లాన్ వేయడం, ఎగరడానికి వైమానిక దళం ఇచ్చే అనుమతి, అంటే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవడం ఎంత మా పనో, ఫ్లాస్కులో కాఫీ పోయించుకోవడం, ఇడ్లీ పొట్లాలు లెక్కపెట్టుకోవడం, మేం తీసుకెళ్లే కంపెనీ సార్ సూట్‌కేసు వెనక అరలో సర్దడం కూడా అంతే మా పని. గంటలోపే మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో దిగుతాం. పదకొండుకల్లా వచ్చేస్తానని వెళ్లిన సార్ నాలుగింటికి వస్తారు. అందాకా కాచుకుని కూర్చోవాలి.

మా ఊరు ఆ ఎయిర్‌పోర్టుకి దగ్గరే, కోరుకొండ పక్కన. అంత దగ్గరకొచ్చి కూడా ఇంటికి వెళ్లడానికి లేదు. సార్ ఎప్పుడు బయల్దేరమంటారో తెలీదుగా. అందుకని దిగగానే అమ్మకు ఫోన్ చేస్తాను. గంటన్నరలో కారియర్ పట్టుకుని ఆటోలో వస్తుంది. లోపలికి రానివ్వరు, నేనే బయటికి వెళ్తాను. నాలుగు చారల తెల్ల చొక్కాతో ఆటో వెనక సీట్లో కూర్చుని మామిడికాయ పప్పు కలుపుకుంటుంటే, చొక్కా మీద పడకుండా అమ్మ నా ఒళ్లో తువ్వాలు పరుస్తుంది. ఓసారి ఆటో అబ్బాయి ఉండబట్టలేక అడిగేశాడు, "మీరు నిజంగా పైలటేనాండీ?" అని.

2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలిన సంగతి అమ్మ మర్చిపోలేదు. ఇప్పటికీ "హెలికాప్టర్ కాదు కదరా?" అంటుంది. "కాదమ్మా, రెక్కలున్నదే" అంటాను.

చెడ్డ రోజులూ చెప్పాలి. మా పాపకు మూడో ఏడు భోగిపళ్లు. పొద్దున వేరే ఊరికి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసే ట్రిప్పే. సార్ ఆలస్యం చేశారు. ఆ ఊరి రన్‌వే సూర్యాస్తమయంతో మూసేస్తారు, ఇక ఆ రాత్రికి అక్కడే. లాడ్జిలో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. రేగిపళ్లు, చిల్లర పోస్తున్నంతసేపూ బొమ్మ ఆగిపోయి, చివర్లో పిల్ల నెత్తిన ఒక పువ్వు రెక్క మాత్రం కనిపించింది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

నిలబెట్టుకోగలిగిన మాట ఏదైనా ఉందంటే అది తోటి కెప్టెన్ పుణ్యమే. మాకు ఇద్దరు కెప్టెన్లు, ఇద్దరు కో-పైలట్లు. రంజాన్ రోజు ఆయన ట్రిప్పుకి నేను వెళ్తాను, మా నాన్నగారి తద్దినం రోజు నా ట్రిప్పుకి ఆయన వెళ్తాడు. ఇన్నేళ్లలో ఈ లెక్క తప్పలేదు. అందుకే జీతం సంగతి తర్వాత, ముందు అబ్బాయిని "మీ విమానానికి కెప్టెన్లు ఎంతమంది?" అని అడగండి. ఒక్కడే అన్నాడా, కాస్త ఆలోచించండి.

ఇక నలుగురిలో కలవడం. పనిరోజుల్లో పట్టపగలు ఇంట్లో దొరికే మగాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని చేశారు. నీళ్ల ట్యాంకర్, లిఫ్ట్ రిపేరు, వాచ్‌మన్ కొడుక్కి స్కూలు సీటు, అన్నీ నా నెత్తినే. ఊళ్లో హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. పైలట్ శిక్షణకి అర కోటి దాటుతోంది ఇప్పుడు. 200 గంటలు ఎగిరితేగానీ కమర్షియల్ లైసెన్సు రాదు, వచ్చాక ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. పొలం బేరం పెట్టకముందే విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర, కమర్షియల్ పైలట్లకు తప్పనిసరైన క్లాస్ 1 మెడికల్ చేయించమంటాను. ఒకాయన ఏజెంటుకి రెండు లక్షలు అడ్వాన్సు కట్టేశాక వచ్చాడు. పిల్లవాడికి రంగులు సరిగ్గా తెలియవని మెడికల్‌లో తేలింది. ఆ రెండు లక్షలూ పోయాయి, ఎకరంన్నర మిగిలింది.

అమ్మాయి వాళ్లకు నచ్చే విషయం ఒకటుంది. ఎగరడానికి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు, పొద్దున్నే ఊది చూపించాలి. రేపు ట్రిప్పు ఉందో లేదో తెలియని వాడు ఇంకెప్పుడు తాగుతాడు? నేనైతే మా అత్తగారిచ్చే హోమియో చుక్కలు కూడా వేసుకోను. పెళ్లిళ్లలో బావమరుదులకి నేనంటే అందుకే పడదు.

2020లో మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి కదా, నేనూ ఇంట్లోనే. రేపు సాయంత్రం సైకిల్ నేర్పుతానని పాపకు మాటిచ్చి, ఆ సాయంత్రమే సెల్లార్లో నేర్పాను. ఆ రెండు నెలల్లో ఎన్ని మాటలిచ్చానో! అన్నీ జరిగాయి. విమానాలు మొదలయ్యాక ఒకరోజు "నాన్నా, రేపు?" అంది. "చూద్దాం" అన్నాను. సైకిల్ తీసుకుని తనే కిందికి వెళ్లిపోయింది.

ఇది రాస్తుండగానే మెసేజ్ వచ్చింది, రేపు రాజమండ్రి. అమ్మకు దిగాకే చెప్తాను. ఇప్పుడు చెప్తే నాలుగింటికే లేచి వంకాయలు తరుగుతుంది, సార్ ప్రోగ్రాం మార్చుకున్నారనుకోండి, ఆ కారియర్ అలాగే వెనక్కి వెళ్తుంది.