క్రీడా సందేహాలు: రిజర్వులో ఏడుగురు ఫార్వర్డ్‌లు ఎందుకు?

ప్రశ్న: 2023 రగ్బీ ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా రిజర్వు ఆటగాళ్లు ఎనిమిది మందిలో ఏడుగురు ఫార్వర్డ్‌లే (ముందుండి బంతి కోసం తోపులాడే బరువైన ఆటగాళ్లు). రాసీ ఎరాస్మస్‌ది తెగింపా, లెక్కా? ఆయనా ఒకప్పుడు ఆటగాడేనట కదా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: లెక్కే. అప్పటి దక్షిణాఫ్రికా హెడ్ కోచ్ జాక్ నీనాబర్, ఎరాస్మస్ ఆ జట్టు డైరెక్టర్. అయినా ఈ పద్ధతికి పేరు మాత్రం ఎరాస్మస్‌కే వచ్చింది. 1997–2001 మధ్య 36 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచ్‌లు) ఆడిన లూజ్ ఫార్వర్డ్, అంటే స్క్రమ్ వెనక వరుస ఆటగాడు, ఆయన. స్క్రమ్ అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎదురెదురుగా ముడిపడి బంతి కోసం నెట్టుకోవడం. స్క్రమ్ విడిపోగానే బంతి మీద పడాల్సింది ఆ స్థానంలో ఉన్నవాళ్లే. అలాంటివాడు కోచ్ అయితే ముందు ఫార్వర్డ్‌ల ఊపిరి సంగతి చూస్తాడు, వింతేముంది?

మైదానంలో పదిహేను మందిలో ఫార్వర్డ్‌లు 8, బ్యాక్‌లు (వెనక ఉండి బంతితో పరుగెత్తేవాళ్లు) 7. రిజర్వులో ముగ్గురు తప్పనిసరిగా స్క్రమ్ ముందు వరుసవాళ్లు (ఇరుపక్కలకు ఇద్దరు ప్రాప్‌లు, మధ్యకు ఒక హుకర్) ఉండాలి. అలవాటు లేనివాడిని అక్కడ నిలబెడితే మెడకే ప్రమాదం మరి. మిగతా ఐదు స్థానాలే కోచ్ ఇష్టం. మామూలుగా అందరూ మొత్తం ఎనిమిది మందిలో 5–3 (ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు) వేస్తారు. 2019లో కప్పు గెలిచినప్పుడు దక్షిణాఫ్రికా 6–2 వేసింది. ‘బాంబ్ స్క్వాడ్’ అన్న పేరు అప్పటిదే. సుమారు 50వ నిమిషానికి ఎదుటివాళ్ల కాళ్లు బరువెక్కుతాయి. అప్పుడు తాజా ఫార్వర్డ్‌లు గుంపుగా దిగితే అవతలి స్క్రమ్ కుంగుతుంది, రిఫరీ పెనాల్టీ ఇస్తాడు, గోల్ కొడితే 3 పాయింట్లు. 2023 ఫైనల్లో దక్షిణాఫ్రికా 12 పాయింట్లూ హాండ్రే పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలవే. న్యూజిలాండ్‌కు 11.

బెడిసికొట్టే చోటూ అక్కడే కనిపించింది. టోర్నీలో ముందే హుకర్ మాల్కమ్ మార్క్స్ గాయపడితే, అతని బదులు హుకర్‌ను కాకుండా ఫ్లైహాఫ్ (ఆట నడిపే బ్యాక్) పొలార్డ్‌ను పిలిపించారు. ఫైనల్ మొదలైన కొద్ది నిమిషాలకే మిగిలిన హుకర్ ఎంబోనాంబి మోకాలు దెబ్బతింది. 37 ఏళ్ల డియాన్ ఫూరీ దాదాపు ఆటంతా లాక్కొచ్చాడు. అతను అప్పటికి ఎక్కువగా ఫ్లాంకర్‌గానే (స్క్రమ్ పక్కన ఉండే లూజ్ ఫార్వర్డ్) ఆడుతున్నాడు. లైనౌట్‌లో (పక్క గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు) బంతి విసరాల్సింది హుకరే కాబట్టి అక్కడ తడబాటు తప్పలేదు. ఇక స్క్రమ్‌హాఫ్‌కు (స్క్రమ్ నుంచి బంతి అందుకుని బయటికి పంపే బ్యాక్) దెబ్బ తగిలి ఉంటే? రిజర్వులో ఉన్న ఒకే ఒక్క బ్యాక్ విలీ లెరూ, అందరికంటే వెనక ఆడే ఫుల్‌బ్యాక్. ఆ బెడద తప్పడం అదృష్టమే.

ప్రశ్న: అదే టోర్నీలో దక్షిణాఫ్రికా వాళ్లు ఫ్రాన్స్ మీద బంతి పట్టుకుని, తన్నకుండా స్క్రమ్ కావాలన్నారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎదుటివాళ్లు తన్నిన బంతిని మన 22 మీటర్ల గీత లోపల శుభ్రంగా పట్టి ‘మార్క్’ అని అరిస్తే ఫ్రీకిక్ (ఎవరూ అడ్డురాకుండా తన్నే అవకాశం) ఇస్తారు. అందరూ తన్ని ఊపిరి పీల్చుకుంటారు. క్వార్టర్ ఫైనల్లో డామియన్ విల్లెమ్సే మాత్రం స్క్రమ్ అడిగాడు. సొంత గోల్ ముందు అది మొండిధైర్యంలా కనిపిస్తుంది. కానీ తమ స్క్రమ్ బలం మీద గురి ఉంటే, అవతలి ఎనిమిది మందిని వంగబెట్టి అలసిపోయేలా చేయొచ్చు, పెనాల్టీ కూడా రాబట్టొచ్చు. 29–28తో గట్టెక్కారు.

ఇప్పుడు ఆ దారి మూసేశారు. 2024 జులై 1 నుంచి ఫ్రీకిక్‌కు బదులు స్క్రమ్ కోరుకునే వీల్లేదు. తన్నాలి, లేదా కాలితో బంతిని తాకించి పరుగెత్తాలి.