టోంగాలోని రాతి ద్వారం సూర్యుడిని చూడటానికే కట్టారా?

అలా ఖాయంగా చెప్పలేం. పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశంలో, టోంగాటాపు దీవిలో ఉన్న ఈ కట్టడం పేరు హామోంగా ఆ మావుయి, అంటే 'మావుయి కావడి'. మావుయి అనే దేవుడు దాన్ని భుజాన మోసుకొచ్చాడని కథ. చూడటానికీ అలాగే ఉంటుంది: పగడపు సున్నపురాళ్లు రెండు నిలువుగా, వాటి తలల్లో చెక్కిన గాడిలో కూర్చోబెట్టిన అడ్డరాయి. ఎత్తు 5 మీటర్ల పైమాటే.

సూర్యుడి సంగతి మొదలైంది 1967లో. అడ్డరాయి మీది గీతలు అయనాంతాల్లో, అంటే ఏడాదిలో పగలు అతి పొడవుగా, అతి పొట్టిగా ఉండే రోజుల్లో, సూర్యుడు ఉదయించే దిక్కులు చూపిస్తాయని అప్పటి రాజు నాలుగో టౌఫాహావు టుపౌ అన్నారు. జూన్ 21 తెల్లవారుజామున స్వయంగా వెళ్లి చూశారు కూడా. పాత కథనంలో మాత్రం ఆ ఊసే లేదు. 13వ శతాబ్దం ప్రాంతంలో టుఇటాటుయి అనే రాజు, తన ఇద్దరు కొడుకులు కొట్టుకోకుండా కలిసుండాలని కట్టించాడట. నిలువురాళ్లు కొడుకులు, అడ్డరాయి వాళ్ల బంధం. నా మొగ్గు దీనివైపే.

ఈస్టర్ దీవిలోనూ ఇదే పేచీ. అహు అకివి వేదిక మీది ఏడు మోయాయ్ విగ్రహాలు విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) నాటి సూర్యాస్తమయం వైపు చూస్తాయి, నిజమే. కానీ అక్కడి వేదికల్లో ఎక్కువ భాగం తీరం ఎటు వంగితే అటే తిరిగి ఉన్నాయి. వందల వేదికలున్నప్పుడు కొన్నైనా కాకతాళీయంగా సూర్యుడికి ఎదురుపడతాయి కదా!