గిల్‌క్రిస్ట్ అంటే హైదరాబాద్‌కి ఎందుకంత ఇష్టం? ఒక పాత కీపర్ జవాబు

"ఆడమ్ గిల్‌క్రిస్ట్ ఆస్ట్రేలియావాడు, మన ఇండియాని ఎన్నోసార్లు ఏడిపించాడు. అయినా హైదరాబాద్ వాళ్ళకి ఆయనంటే అంత అభిమానం ఎందుకు?" అని అడిగారు కదా, నాకు తెలిసింది చెప్తాను.

చాలామంది 2009 ఐపీఎల్ సెమీఫైనల్ గురించే చెప్తారు. మన డెక్కన్ ఛార్జర్స్ కెప్టెన్‌గా సెంచూరియన్‌లో ఢిల్లీ మీద 35 బంతుల్లో 85 కొట్టాడు, 17 బంతుల్లోనే యాభై దాటేశాడు. అది అబద్ధం కాదు, నేనూ ఆ రోజు ఇంట్లో గంతులేసినవాణ్ణే. కానీ నేను చాలా ఏళ్ళు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లీగ్ మ్యాచ్‌లకి కీపింగ్ చేశాను. గిల్‌క్రిస్ట్ గురించి ఎవరు మాట్లాడినా సిక్సర్లే చెప్తారు. ఆయన చేతుల గురించి ఒక్కరూ చెప్పరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆయన న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టిపెరిగాడు. ఆ రాష్ట్ర జట్టులోకి మొదట వచ్చింది బ్యాట్స్‌మన్‌గా. కీపర్ స్థానంలో ఫిల్ ఎమరీ పాతుకుపోయి ఉన్నాడు. బ్యాటింగ్ చేసుకుంటూ అక్కడే ఉండిపోవచ్చు, కానీ ఉండలేదు. 1994లో సొంత రాష్ట్రం వదిలి దేశానికి ఆ చివర ఉన్న పెర్త్‌కి వెళ్ళిపోయాడు, కేవలం కీపింగ్ కోసం. అక్కడివాళ్ళు మాత్రం స్వాగతం పలికారా? తమ కీపర్‌ని తప్పించి ఇతన్ని తెచ్చారని గోల చేశారు. 1999లో టెస్టుల్లోకి వచ్చినప్పుడూ అదే కథ. అప్పటిదాకా ఆస్ట్రేలియా కీపర్‌గా ఉన్న ఇయాన్ హీలీ సొంతూరు బ్రిస్బేన్‌లోనే మొదటి టెస్టు, పైగా హీలీకి అక్కడ వీడ్కోలు మ్యాచ్ ఇవ్వలేదన్న కోపం జనంలో. రెండో టెస్టు హోబర్ట్‌లో పాకిస్తాన్ మీద 369 కొట్టాలి, 126కే అయిదు వికెట్లు పడిపోయాయి. లాంగర్‌తో కలిసి 238 పరుగులు జోడించి, 149 నాటౌట్‌గా నిలిచి గెలిపించాడు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

ఇక్కడ నా గోడు కూడా కాస్త వినండి. ఒకసారి సెలక్షన్స్‌కి వెళ్తే, నేను ఒక్క బంతి పట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న "బ్యాటింగ్ ఎన్నో నంబర్?" అని. తొమ్మిదో నంబరంటే ఆ పెద్దమనిషి పేరు కూడా రాసుకోలేదు. అందరూ ఇదంతా గిల్‌క్రిస్ట్ వచ్చాకే మొదలైందంటారు. ఇది ఆయనకి చేసే అన్యాయం. ఆయన కీపర్ అవుదామని ఊరు వదిలినవాడు. మనవాళ్ళు బ్యాట్స్‌మన్‌కి గ్లవ్స్ తొడిగి కీపర్ అని పేరుపెడుతున్నారు. ఇప్పుడు అండర్-16 మ్యాచ్‌లకి వెళ్ళి చూడండి, లెగ్ సైడ్ బంతి వస్తే కాళ్ళు కదిపే పిల్లాడు ఒక్కడు కనిపిస్తే గొప్ప.

సరే, అసలు చెప్పాలనుకున్నది 2008 జనవరి, ఇండియాతో అడిలైడ్ టెస్టు. అక్కడ మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున అయిదున్నరకే మొదలవుతాయి. చలి, చీకటి, టీవీ సౌండ్ తగ్గించి ఒక్కణ్ణే కూర్చున్నాను. మొదటి రోజు బ్రెట్ లీ బౌలింగ్‌లో మన హైదరాబాదీ లక్ష్మణ్ ఎడ్జ్ ఇచ్చాడు. కష్టమైన క్యాచ్ కాదు. నిద్రలో లేపినా గిల్‌క్రిస్ట్ పట్టేసేది. గ్లవ్స్‌లోకి వచ్చిన బంతి జారి కింద పడింది.

లక్ష్మణ్ అభిమానిగా ఎగిరి గంతేయాలి. నాకు కడుపులో దేవినట్టయింది. కీపింగ్ చేసినవాళ్ళకే తెలుస్తుంది. బంతి వేళ్ళ మొదట్లో పడితే మెత్తటి చప్పుడు, ఆ చప్పుడు వింటే చూడకుండానే చెప్పేయొచ్చు పట్టామని. అదే మణికట్టు దగ్గర గట్టిగా తగిలిందంటే చేతులు ఒక్క క్షణం ముందో వెనకో వచ్చాయని అర్థం. ఆ ఒక్క క్షణాన్ని ఏ కోచ్ కూడా తిరిగి తెచ్చివ్వలేడు. నా ఎడమ చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు, మ్యాట్ వికెట్ మీద అలా ఆలస్యంగా వెళ్ళిన చేతుల పుణ్యమే అది.

మైదానంలో పెద్ద తెర మీద రీప్లే మళ్ళీ మళ్ళీ వేశారు. ఆయన నిలబడి చూశాడు. పక్కన స్లిప్‌లో ఉన్న హేడెన్‌తో ఇక నా పని అయిపోయింది అని చెప్పేశాడట, ఆయనే తర్వాత ఎన్నోచోట్ల చెప్పాడు. జనవరి 26న రిటైర్మెంట్ ప్రకటించాడు. గమనించండి, అదే ఇన్నింగ్స్‌లో కుంబ్లే క్యాచ్ పట్టి, టెస్టుల్లో ఎక్కువమందిని అవుట్ చేసిన కీపర్‌గా దక్షిణాఫ్రికా బౌచర్ పేరిట ఉన్న ప్రపంచ రికార్డు దాటాడు. 96 టెస్టులు, మధ్యలో ఒక్కటీ తప్పకుండా, 416 మందిని అవుట్ చేసినవాడు. ఏ సెలక్టరూ పొమ్మనలేదు, ఏ పేపరూ రాయలేదు. తన చేతులు తనకి చెప్పిన మాట విన్నాడు.

2003 ప్రపంచకప్ సెమీఫైనల్లోనూ అంతే. పోర్ట్ ఎలిజబెత్‌లో శ్రీలంక మీద, అంపైర్ నాటౌట్ అన్నాక కూడా బ్యాట్‌కి తగిలిందని తనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అలాంటి మనిషి ఇంకొకర్ని చూపించండి. నేనైతే చూడలేదు.

లక్ష్మణ్‌తో ఆయన లెక్క ఎప్పుడూ అలాగే ఉండేది. 2001 కోల్‌కతాలో మనవాడు 281 కొట్టిన టెస్టులో గిల్‌క్రిస్ట్ రెండు ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే అవుట్. అడిలైడ్ అయిన కొన్ని నెలలకే ఇద్దరూ డెక్కన్ ఛార్జర్స్‌లో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. ఆ సీజన్లో లక్ష్మణ్ గాయపడితే పగ్గాలు గిల్‌క్రిస్ట్ చేతికొచ్చాయి. 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచిన జట్టు అది. ఆ ఏడాది ఉప్పల్ స్టేడియం నుంచి తల వంచుకుని ఇంటికి రావడం నాకింకా గుర్తుంది. పార్కింగ్‌లో బండి బయటికి తీయడానికే ప్రాణం పోయేది, అది వేరే బాధ.

మరుసటి ఏడాది ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికాకి వెళ్ళింది. మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరుతో ఫైనల్. కుంబ్లే మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్ డకౌట్. మా ఇంట్లో అందరూ నీరుగారిపోయారు. గిబ్స్ 53 నాటౌట్‌తో ఎలాగో 143 చేశాం. అందరూ మర్చిపోయే భాగం ఆ తర్వాత వస్తుంది. బెంగళూరు బ్యాట్స్‌మన్ వాన్ డెర్ మెర్వె 32 కొట్టి ఊపు మీద ఉన్నప్పుడు మన ఓజా బౌలింగ్‌లో క్రీజు దాటి ముందుకొచ్చాడు, స్టంప్డ్ గిల్‌క్రిస్ట్. సైమండ్స్ బౌలింగ్‌లో కోహ్లి, అదీ స్టంప్డ్ గిల్‌క్రిస్ట్. సున్నా కొట్టిన కెప్టెన్, అడిలైడ్‌లో ఇక నా చేతుల వల్ల కాదనుకున్న మనిషి, వికెట్ల దగ్గర నిలబడి కళ్ళు మూసి తెరిచేలోగా బెయిల్స్ ఎగరగొట్టాడు. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. ఆ టోర్నీలో 495 పరుగులు చేశాడని అందరూ చెప్తారు. వికెట్ల వెనకాల 18 మందిని అవుట్ చేశాడు, అది కూడా చెప్పండి. హైదరాబాద్‌కి కప్పు తెచ్చింది నా దృష్టిలో ఆ రెండు స్టంపింగులే.