గోల్డ్ ఫిష్ తొట్టిలో మందు పోసే ముందు

చిరంజీవి బాబుకు,

విజయవాడ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ బట్టల షాపు తొట్టిలో ఆరు గోల్డ్ ఫిష్‌లూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటూ నువ్వు పంపిన వీడియో చూశాను. ఆ నీలం మందు పోయమని ఎవరు చెప్పారు నాయనా? చేపకు ఏమయిందో తెలియకముందే మందు పోయడం మనవాళ్లకు బాగా అలవాటు. మిథిలీన్ బ్లూ ఫంగస్‌కు పనికొస్తుంది, కాదనను. అయితే ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. ముందు సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టు. నీలం అదే పోతుంది.

ఒక్క చేప నలతగా ఉంటే జబ్బేమో అనుకోవచ్చు. ఆరూ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే మొదట నీళ్లనే అనుమానించాలి. కైకలూరు వైపు చేపల రైతులు తెల్లవారుజామున చెరువు గట్టు మీదికి వెళ్లి చూసేది ఇదే. రాత్రంతా ఆక్సిజన్ తగ్గిపోయి, ఆ వేళకు చేప తల పైకెత్తుతుంది. నీ బట్టల షాపులో పగలంతా ఏసీ నడుస్తుంది. రాత్రి షట్టరు దించాక గుంటూరు ఎండకు కాగిన గోడల వేడంతా లోపలే ఉంటుంది. గోల్డ్ ఫిష్ చల్లటి నీటి చేప, దానికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. కరెంటు ఆదా అంటూ రాత్రి ఎయిర్ పంపు ఆపుతున్నారేమో కనుక్కో.

ఇంకొక మాట. వీడియోలో పంపు పక్కనే దోమల మందు యంత్రం ప్లగ్గుకు పెట్టి ఉంది. పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి నెడుతుంది. మనుషులకు ఏమీ చేయదనుకునే ఆ మందు చేపలకు విషం. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే దాన్ని అక్కడి నుంచి తీసెయ్.

తర్వాత నీటి పరీక్ష. అక్వేరియం షాపుల్లో చుక్కల మందుతో చూసే కిట్లు దొరుకుతాయి. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. ఫిల్టర్ స్పాంజిలోని మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి. లేకపోతే రోజూ మూడో వంతు నీళ్లు మార్చు, మేత బాగా తగ్గించు. కుళాయి నీళ్లయితే బకెట్లలో పట్టి, ఎయిర్ పంపు వేసి ఒక రోజు ఉంచాలి, లేదా క్లోరిన్ విరిచే మందు కలపాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండకపోయినా ఆక్సిజన్ తక్కువ, వాటికీ గాలి పట్టించాల్సిందే.

ఇక చుక్కల సంగతి. నల్ల చేపకు మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున వరుసగా తెల్లటి పొక్కులున్నాయని కంగారు పడ్డావు. అది మగ చేప, జత కట్టే రోజుల్లో అలా వస్తాయి. దాని జోలికి వెళ్లకు. ఎర్ర చేప తోక మీద రవ్వ పలుకుల్లా చెదిరి ఉన్నవి మాత్రం అసలు జబ్బే, ఒక పరాన్నజీవి వల్ల వచ్చే తెల్ల చుక్కల జబ్బు. వీడియోలో అది గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది కూడా.

ఆ పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని తాకదు. కిందికి రాలి, అడుగున గూడు కట్టుకుని, వందల పిల్లలుగా చీలి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే అది చస్తుంది. అందుకే చుక్కలు కనబడటం మానేశాక కూడా వైద్యం పది రోజులు సాగాలి. తొట్టి మొత్తానికీ చేయాలి, ఒక్క చేపను వేరు చేస్తే చాలదు.

నేను నమ్మేది కల్లుప్పు. నీ తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే నాలుగున్నర ఘనపుటడుగులు, దాదాపు 127 లీటర్లు. రాళ్లూ పైన ఖాళీ పోగా 110 లీటర్లు వేసుకో. లీటరుకు గ్రాము లెక్కన 110 గ్రాములు మగ్గులో కరిగించి, చేపలకు దూరంగా మెల్లగా పొయ్యి. పన్నెండేసి గంటల తేడాతో మరో రెండుసార్లు. అక్కడితో ఆపు. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి, 30 లీటర్లు మారిస్తే 90 గ్రాములే మళ్లీ కలపాలి. మొక్కలుంటే ముందే తీసెయ్, ఉప్పుకు చస్తాయి. రెండు రోజులకొకసారి అడుగున పైపుతో మడ్డి లాగు, గూళ్లు చాలావరకు దాంతోనే పోతాయి.

బొద్దుగా ఉన్న చేప పక్కకు ఒరిగి తేలుతోందన్నావు. రెండు రోజులు పస్తు పెట్టి, ఉడికించి తొక్క తీసిన బఠాణీ గింజ నలిపి వెయ్యి. కొనడానికి వచ్చిన పిల్లలు బిస్కెట్లు వేయకుండా చూడు. ఎప్పుడైనా ఒళ్లు ఉబ్బి పొలుసులన్నీ నిక్కబొడుచుకుంటే మాత్రం ఆశ తక్కువ. అలాంటి దాన్ని జాలిపడి కాలువలో వదలకు, దాని జబ్బు అక్కడి చేపలకు పాకవచ్చు.

ఆ తొట్టికి నాలుగు చేపలే ఎక్కువ. కొత్తది కొంటే నెల రోజులు విడిగా ఉంచాకే కలుపు. రేపు పరీక్షలో వచ్చిన అంకెలు ఫోనులో పంపు. ఫిల్టర్ స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండారా, కుళాయి కింద పెట్టి కడిగారా అని షాపు కుర్రాణ్ని అడిగి అది కూడా రాయి.

మీ పెద్దమ్మ