హైదరాబాద్‌లో ఉంటూ రెండేళ్లుగా మాదాపూర్ దాటలేదు, వీకెండ్ వస్తే బయటికి కదల్లేకపోతున్నానన్నారు కదా

మీది బద్ధకం కాదనిపిస్తోంది. "ఎవరైనా తోడు వస్తే వెళ్దాం" అని ఆగిపోతున్నారు. ఆ తోడు కుదిరే ఆదివారం రాదు. నాకూ మూడేళ్లు అలాగే గడిచిపోయాయి.

1. ఈ శనివారమే, ఒక్కరే బయల్దేరండి. పొద్దున్న ఏడింటికల్లా మెట్రో ఎక్కండి. అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టేషన్‌లో దిగండి.

2. అందరూ తప్పేది ఇక్కడే: దిగగానే ఫోన్ తీసి మ్యాప్ చూస్తారు, లేదా ఆటో ఎక్కేస్తారు. ఫోన్ జేబులో పెట్టేయండి. "అఫ్జల్‌గంజ్ ఎటు అన్నా?" అని ఎవరినైనా అడగండి. భయం పోయేది ఆ మొదటి ప్రశ్నతోనే. హిందీ సరిగా రాకపోయినా పర్లేదు, చేత్తో చూపించి మరీ చెప్తారు. దారి తప్పితే ఇంకొకరిని అడగండి. నాకు మంచి ఇరానీ చాయ్ హోటల్ దొరికింది అలా తప్పిపోయిన రోజే.

3. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో పాత చింతచెట్టు ఉంది. 1908 మూసీ వరదలో దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. దాని కింద కాసేపు నిలబడండి.

4. ఓపికుంటే మూసీ మీది నయాపుల్ వంతెన దాటి సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

మొదటి అరగంట ఇబ్బందిగా ఉంటుంది, వెనక్కి రావాలనిపిస్తుంది. ఆ అరగంట ఓర్చుకోండి. వెళ్లొచ్చాక ఇక్కడే రాయండి, తర్వాతి శనివారానికి ఇంకో దారి చెప్తాను.