పాత టేకు ఫ్రేములో అద్దం మార్చాలంటే గాడి చెక్కించొద్దు

మీ ప్రశ్న ఇదీ: ఆరు బై ఎనిమిది అంగుళాల పాత టేకు ఫ్రేము, అందులోని ముఖం చూసుకునే అద్దం పలిగింది. హన్మకొండలో అడిగితే 5 ఎంఎం అద్దమే ఉందని, ఫ్రేము గాడి జర చెక్కితే పడుతుందని అన్నారు. చెక్కించకండి. అద్దం ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ఫ్రేము మళ్లీ దొరకదు. గాడి దగ్గర కట్టె పలుచనైతే మూలల్లో చీలుతుంది. పైగా ఈ సైజుకు 2 ఎంఎం అద్దం 155 గ్రాములుంటే 5 ఎంఎం 390 గ్రాముల దాకా తూగుతుంది. ఆ బరువంతా జిగురు ఎండిపోయిన పాత అతుకుల మీదే పడుతుంది.

పలిగిన ముక్క ఒకటి కాగితంలో చుట్టి షాపుకు తీసుకుపోండి, దాని మందమే అడగండి. చిన్న పాత అద్దాలు ఎక్కువగా 2, 3 ఎంఎం ఉంటాయి. షాపులో లేకపోతే ప్లాస్టిక్ ఫ్రేముతో వచ్చే చవక గోడ అద్దం కొని, దాన్ని విప్పి కోయించుకోవచ్చు. వాటిల్లో సాధారణంగా పలుచటి అద్దమే ఉంటుంది.

విప్పేటప్పుడు ముందు అద్దం నిండా ప్యాకింగ్ టేపు అంటించి, మందపాటి తువ్వాల మీద బోర్లా పెట్టండి. వెనక చెక్క మీద పెన్సిల్‌తో పైవైపు గుర్తు పెట్టుకోండి. తుప్పు పట్టిన సీలను ఒక్కసారే గుంజితే తల ఊడి వస్తుంది, లేదా ఎండిన కట్టె పెచ్చు లేస్తుంది. పట్కారుతో అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ తీయాలి. సీలలు పారేయొద్దు.

అద్దం వెనక ఎర్రటి లేదా గోధుమరంగు పెయింటు ఉంటే అది వెండి పూత అద్దం. ఆ పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి గీకొద్దు. పెయింటే లేకుండా బూడిదరంగులో సన్నగా మెరిసే పొర కనిపిస్తే అది తగరం, పాదరసం పూత కావచ్చు. దాన్ని తోమొద్దు, వేడి తగలనీయొద్దు. గ్లౌజులు వేసుకుని ముక్కలన్నీ మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి.

ఇక కొలత. చేత్తో చేసిన ఫ్రేములు నాలుగు మూలలా సరిగ్గా ఉండవు. గాడి లోపల పొడవు మూడు చోట్ల, వెడల్పు మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చినదాంట్లోంచి 2 ఎంఎం తీసేయండి. వానాకాలం కట్టె ఉబ్బుతుంది, ఆ సందు లేకపోతే కొత్త అద్దం కూడా పలుగుతుంది. అట్ట ముక్క అదే సైజుకు కోసి గాడిలో పెట్టి చూసి, ఆ అట్టనే షాపులో ఇవ్వండి. కోత గాజు వైపు నుంచే పడాలి, పెయింటు వైపు నుంచి కాదు. అంచులు రాయితో రుద్దించుకోండి.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. అద్దాన్ని ఆనుకునే గాడి లోపలి అంచుకు ముదురు గోధుమరంగో నలుపో పూయండి. పూయకపోతే పక్క నుంచి చూసినప్పుడు పచ్చి కట్టె గీతలా అద్దంలో కనిపిస్తుంది. అద్దం ఎంత మందముంటే ఆ గీత అంత వెడల్పు.

బిగించేటప్పుడు అద్దానికి ఏ జిగురూ వద్దు. ముఖ్యంగా వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడితే పూతను తినేస్తుంది, వెనక పెట్టిన చోటల్లా ముందు నల్ల మచ్చ తేలుతుంది. అడుగున రెండు చోట్ల అట్ట పేలికలు పెట్టి అద్దాన్ని ఆనించండి. వెనక న్యూస్ పేపర్ కాకుండా పలుచటి ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) పరిచి, దాని మీద పాత చెక్క పెట్టండి. సీలలు పాత రంధ్రాల్లోకే పోవాలి. రంధ్రం వదులైతే టూత్‌పిక్ ముక్కకు ఫెవికాల్ రాసి దూర్చి, ఆరనివ్వండి. సుత్తితో కొట్టొద్దు, ఆ అదురుకే అద్దం పలుగుతుంది. పట్కారు ఒక దవడ ఫ్రేము బయటి అంచుకు గుడ్డ అడ్డం పెట్టి ఆనించి, రెండోది సీల తల మీద పెట్టి నొక్కితే మెల్లగా దిగుతుంది.

తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లుకోండి. అద్దం మీద చల్లితే అంచుల్లోంచి వెనక్కి దిగి పూత నల్లబడుతుంది.